పరదేశియు ద్విభాషియు

పాఠ్యభాగములు: ఆదికాండము 42:6–24, 45:1–15, నెహెమ్యా 8:1–12



యోసేపు కథ మన సండే స్కూలు పిల్లలకు సహితము కంఠతా వచ్చును. నిలువుటంగీ, గుంట, ఇరువది తులముల వెండి, పోతీఫరు ఇల్లు, చెరసాల, ఫరో కలలు, ఏడేండ్ల కరవు – ఏది అడిగినను చెప్పగలరు. అయితే ఆ కథలో ఒక మనుష్యుడు కలడు. అతని పేరు ఎవరికిని తెలియదు. అతనిని గూర్చి లేఖనములో ఒక్క మాట మాత్రమే యున్నది. ధాన్యము కొనుటకు కనానునుండి వచ్చిన పదిమంది అన్నలు ఐగుప్తు అధికారి యెదుట సాగిలపడినప్పుడు, వారికిని ఆయనకును నడుమ నిలిచి ఇటు మాట అటును, అటు మాట ఇటును చేర్చిన ద్విభాషి అతడు. ఆదికాండము 42వ అధ్యాయము 23వ వచనము తీసి చూడుడి. ఆ అధికారికి తమ భాష రాదనుకొని అన్నలు తమ పాత పాపమును గూర్చి ఆయన యెదుటనే మాటలాడుకొనిరి. ఆయన ప్రక్కకు తిరిగి కన్నీరు విడిచెను.

యోసేపు ఐగుప్తు భాష ఎక్కడ నేర్చుకొనెను? బడి లేదు, పలక లేదు, పంతులు లేడు. పదునేడేండ్ల పిల్లవాడుగా అమ్మబడి పోయెను. ముప్పది యేండ్లకు ఫరో యెదుట నిలువబడెను. నడుమ పదమూడు సంవత్సరములు. "నీళ్లు తెమ్ము, తలుపు వేయుము, ఇది ఎవరు చేసిరి?" అని యజమానులు అరచుచుండగా ఆ అరపులలోనుండియే భాష యేరుకొని యుండవలెను. ఇది నా ఊహయే గాని, పనివారు పరభాష నేర్చుకొను విధము నేటికిని ఇదియే. సెమినరీలో మాకు గ్రీకు నేర్పినప్పుడు ముప్పదిమందిమి రాత్రింబగళ్లు కూర్చున్నను క్రియాపదములు నోట నిలిచెడివి కావు. మాకు పొయ్యిమీద అన్నము సిద్ధముగా నుండెను. పరీక్ష తప్పిన యెడల మరల వ్రాయవచ్చును. పరదేశమున దిగిన వానికి ఆ వెసులుబాటు లేదు.

ఈ నెల పాఠములో రెండు పనులను గూర్చి ధ్యానింతము. పరదేశికి భాష నేర్పుట ఒకటి. అతనికి భాష వచ్చువరకు అతని ప్రక్కన ద్విభాషిగా నిలుచుట రెండవది. ఈ రెండును ఒక్కటే యనుకొనువారు కలరు, అది సరికాదు. మొదటిది యేండ్ల తరబడి సాగును. రెండవది ఈ పూటకే కావలెను. బిడ్డకు జ్వరము వచ్చిన తల్లి ఇంగ్లీషు నేర్చుకొను వరకు జ్వరము ఆగదు గదా. దానియేలునకును అతని స్నేహితులకును కల్దీయుల భాష నేర్పించుటకు నెబుకద్నెజరు మూడు సంవత్సరముల గడువిచ్చి, తన భోజనపు బల్లనుండి ఆహారము పెట్టించెను. నేటి కాందిశీకునికి అంత గడువు దొరకుట అరుదు. అమెరికా సంయుక్త రాష్ట్రములకు చేరిన కాందిశీకునికి ప్రభుత్వము ఏర్పాటు చేసిన తొలి ఆదరణ సహాయము 90 దినముల వరకు మాత్రమే. ఆ లోపుననే అద్దె ఇల్లు, పిల్లల బడి, వైద్య పరీక్ష, ఉద్యోగము వెదకుట అన్నియు మొదలు కావలెను.

మనకు దగ్గరి సంబంధమున్న ఒక జనమును ఉదాహరణముగా తీసికొందము. అమెరికా బాప్టిస్టు మిషను మన నెల్లూరునకు రాకముందే బర్మాకు వెళ్లినదని పెద్దలు ఎరుగుదురు. అదోనిరాం జడ్సను 1813లో రంగూనులో దిగెను. శామ్యూల్ డే దొరగారు 1836లో తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరులో నిలుకడగా పని ప్రారంభించిరి. ఒకే తల్లి పంపిన ఇద్దరు బిడ్డలవలె ఈ రెండు మిషనులు సాగినవి. బర్మాలో సువార్తను ఎక్కువగా అంగీకరించినవారు కొండలలోని కారెను జనులు. 1828లో బాప్తిస్మము పొందిన కో థా బ్యూ వారిలో మొదటివాడు. 1949లో బర్మా ప్రభుత్వమునకును కారెనులకును యుద్ధము మొదలాయెను. ఊళ్లు కాలిపోగా వేలకొలది జనులు సరిహద్దు దాటి థాయిలాండు చేరిరి. 1984 మొదలు అక్కడ శిబిరములు వెలసినవి. వెదురు ఇండ్లలో పుట్టి, వెదురు ఇండ్లలోనే పెరిగి, పెండ్లిండ్లు చేసికొన్నవారు కలరు. 2005 మొదలు 2014 వరకు ఆ శిబిరములనుండి డెబ్బది వేలకు మించిన వారిని అమెరికా చేర్చుకొనెను. వారిలో చాలమంది మిన్నెసోటా రాష్ట్రములోని సెయింట్ పాల్ పట్టణమున నివసించుచున్నారు. ఆ చలిదేశములో ఏటి నీరు గడ్డకట్టును. బర్మాలోని చిన్ జనులలో చాలమంది ఇండియానాపొలిస్ పట్టణము చేరిరి.

వీరిని ఆదరించిన సంఘములు మొదట ఎదుర్కొన్న చిక్కు భాషయే. "బర్మానుండి వచ్చిరి గనుక బర్మా భాష వచ్చినవానిని తెచ్చిన చాలును" అని కొందరు తలంచిరి. అది ఎట్లున్నదనగా, భద్రాచలపు అడవిలోని కోయ ముసలమ్మకు హిందీ వచ్చినవానిని తోడిచ్చినట్లున్నది. కొండమీది కారెనులలో బర్మా భాష సరిగా రానివారు అనేకులు. వచ్చినను, తమ ఊరు తగలబెట్టిన సిపాయి నోట విన్న భాష అది. ఆస్పత్రిలో ఆ భాష వినగానే నోరు పెగలక కూర్చున్న యెడల వారిని తప్పు పట్టలేము. కారెనులలో స్గా యని ప్వో యని వేరువేరు భాషలు కలవు. చిన్ జనుల భాషలు ఇంకను ఎక్కువ. హఖా వాని మాట టెడిమ్ వానికి తెలియదు. ఆ దేశపు పేరు అడిగి ఊరకుండక "మీ ఇంటిలో ఏ భాష మాటలాడుదురు?" అని అడుగుట తెలివైన పని.

ఇక తరగతిని గూర్చి. అమెరికాలో ఇట్టి తరగతులు ప్రభుత్వ కళాశాలలలో కొన్ని, గ్రంథాలయములలో కొన్ని, దేవాలయముల క్రింది గదులలో కొన్ని జరుగును. దేవాలయములో జరుగువానికి హంగు తక్కువ. నాలుగు బల్లలు, ఒక నల్లబల్ల, వేడి కాఫీ. నేర్పువారిలో చాలమంది జీతములేని స్వచ్ఛంద సేవకులు. ఉద్యోగము చాలించిన పంతులమ్మలు, నర్సులు, రైతులు. తరగతి నిలుచుటకు పుస్తకముకంటె అవసరమైనవి రెండు: పసిబిడ్డలను చూచుకొనుటకు ప్రక్క గదిలో ఒక మనిషి, ఇంటినుండి తెచ్చి దింపుటకు ఒక బండి. ఇవి లేనిచోట మగవారు వత్తురు, తల్లులు రారు. తల్లి రానిచో ఆ ఇంటిలో భాష సగమే చేరినట్లు.

మొదటి దినమున వ్యాకరణము చెప్పువాడు తరగతిని పోగొట్టుకొనును. అనుభవజ్ఞులు చేయునది వేరు. "లెమ్ము" అని చెప్పి తాను లేతురు. "కూర్చుండుము" అని తాను కూర్చుందురు. నేర్చుకొనువారు మాటలాడనక్కరలేదు, చేసి చూపిన చాలును. చెవి ముందు, నోరు వెనుక. జేమ్స్ ఆషర్ అను అమెరికా పండితుడు 1960ల దశకములో ఈ పద్ధతిని పరిశోధించి ప్రచారము చేసెను. మన తల్లులు పిల్లలకు దానిని ఏనాడో చేయుచున్నారు గాని వారినెవరును పండితులనలేదు. తరువాత గడియారము, డబ్బు, బస్సు సంఖ్య, మందుసీసామీది చీటీ తెచ్చి బల్లమీద పెట్టుదురు. తన పేరు, తన చిరునామా, అపాయము వచ్చినప్పుడు 911 అను సంఖ్య, "నాకు అర్థము కాలేదు, మెల్లగా చెప్పుడి" అను వాక్యము – ఇవి మొదటి వారమే రావలెను. ఎన్నడును పెన్సిలు పట్టనివారును అదే తరగతిలో ఉందురు. తన భాషలో చదువు వచ్చినవానికి ఇంగ్లీషు అక్షరములు త్వరగా వచ్చును. ఏ భాషలోను చదువురానివానికి గీత గీయుటయే మొదటి పాఠము. ఈ ఇద్దరిని ఒకే బల్లయొద్ద కూర్చుండబెట్టుట ఇద్దరికిని అన్యాయము.

ఈ పనికి దారి చూపినవారిలో ఫ్రాంక్ లాబాక్ దొరగారిని తలంపక తప్పదు. ఆయన ఫిలిప్పీను దీవులలో లనావో అను చోట మరనావో ముస్లిముల నడుమ మిషనరీగా నుండి, 1930లో వారి భాషకు బొమ్మలతో అక్షరముల పట్టీలు కట్టెను. లోకములో ఆర్థికమాంద్యము వచ్చి జీతములకు డబ్బు నిలిచిపోయినప్పుడు, "నేర్చుకొన్న ప్రతివాడును మరియొకనికి నేర్పవలెను, నేర్పనివానిని చంపుదును" అని అక్కడి నాయకుడొకడు ఆజ్ఞాపించెనని లాబాక్ చెప్పుచుండెడివాడు. ఎవరును చావలేదు, అందరును నేర్పిరి. ఆ పద్ధతియే ఒక్కొక్కరు ఒక్కొక్కరికి నేర్పుట. 1935 మొదలు ఆయన మన దేశమునకును వచ్చి వయోజన విద్యకు తోడ్పడెను. 1955లో న్యూయార్క్ రాష్ట్రములోని సిరకూజ్ పట్టణమున ఆయన పేర ఒక సంస్థ వెలసెను. అదే పట్టణములో చదువురాని పెద్దలు పదకొండు వేలకు పైగా నున్నారని పత్రికలో చదివిన రూత్ కాల్విన్ అను గృహిణి 1962లో మరియొక సంస్థను తన ఇంటినుండియే ప్రారంభించెను. ఈ రెండును 2002లో ఏకమైనవి. ఒక గృహిణి పత్రిక చదివి మడిచి పెట్టక లేచినందున ఎంత పని జరిగెనో చూడుడి.

ఉచ్చారణను గూర్చి ఒక మాట. న్యాయాధిపతులు 12వ అధ్యాయములో గిలాదువారు యొర్దాను రేవులను పట్టుకొని, దాటవచ్చిన ప్రతివానిని "షిబ్బోలెతు" అనుమనిరి. ఎఫ్రాయిమీయునికి "షి" పలుకదు, "సి" యనును. ఆ ఒక్క అక్షరమునకు నలువది రెండు వేలమంది పడిరి. ఉద్యోగమడుగ వచ్చినవాని ఉచ్చారణను చూచి నవ్వి పంపువాడు కత్తి లేకయే ఆ రేవులో నిలిచియున్నాడు. స్గా కారెను భాషలో మాటలు హల్లుతో ముగియవు. అందుచేత అన్నము అను అర్థముగల "రైస్", సరియైనది అను "రైట్", ఎక్కిపోవుట అను "రైడ్" మూడును వారి నోట "రై" గానే వచ్చుట సహజము. మన తెలుగు మాటలును అచ్చుతోనే ముగియును గాని మనము తోకను కోయము, తగిలింతుము: బస్సు, కారు, రైలు. వారు కోయుదురు, మనము అతికింతుము. తెలివి తక్కువ యని ఎవరి నెవరు నవ్వవలెను?

పేర్లలోను ఇట్టి చిక్కే యున్నది. కారెనులకు ఇంటిపేరు లేదు. మగవాని పేరుకు ముందు "సా" అనియు, ఆడుదాని పేరుకు ముందు "నా" అనియు గౌరవార్థము చేర్చుదురు. కాగితములలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులుండుటచేత ఎందరో "సా" అను మొదటి పేరుతోనే నమోదైరి. మనలో ఒక సంఘమంతటిని "శ్రీ" అని పిలిచినట్లు. పుట్టిన తేది తెలియని కాందిశీకులకు జనవరి 1 అని వ్రాయుట వాడుక. మన ఊళ్లలో బడిపంతులుగారు వ్రాసిన తేదీయే పుట్టిన తేదియైన పెద్దలు ఈ సంగతి విని నవ్వుకొందురు. మన తెలుగువారికిని ఇది తప్పలేదు. పాస్‌పోర్టులో పేరంతయు ఒకే గడిలో నుండి రెండవ గడి ఖాళీగానుండిన యెడల అమెరికా వీసాలో మొదటి పేరు తెలియదు అను అర్థమునిచ్చు మూడక్షరములు వేయుదురు; ఆ మూడక్షరములనే పేరనుకొని పిలుచువారును కలరు. ఇట్టి కాగితములయొద్ద ప్రక్కన కూర్చుండి సరిచూచు మనిషి విలువ అప్పుడు తెలియును.

ఇక ద్విభాషి పనికి వత్తము. ఇది చూచుటకు సులువు, చేయుటకు కష్టము. పొరబాటు జరిగినచో ప్రాణము మీదికి వచ్చును. మందు చీటీమీద దినమునకు ఒకసారి అని ఇంగ్లీషులో వ్రాసిన "వన్స్" అను మాటను స్పానిష్ వచ్చినవాడు చూచినయెడల, అవే నాలుగు అక్షరములు అతని భాషలో "ఓన్సే", అనగా పదకొండు. ఒక మాత్రకు పదకొండు మాత్రలు! 1980లో ఫ్లోరిడా రాష్ట్రములో జరిగిన సంగతి వైద్య ద్విభాషులకు నేటికిని పాఠముగా చెప్పుచుందురు. క్యూబా దేశపు కుటుంబములోని పదునెనిమిదేండ్ల యువకుడు స్పృహ తప్పగా ఆస్పత్రికి తెచ్చిరి. తిన్నదేదో పడక జబ్బు చేసినదని చెప్పుటకు ఇంటివారు "ఇంటాక్సికాడో" అనిరి. ఇంగ్లీషులో దానిని పోలిన మాటకు మత్తులో నున్నవాడని అర్థము. ద్విభాషిని పిలువలేదు. మత్తుమందు మితిమీరి తీసికొన్నాడని వైద్యము చేసిరి. వాస్తవముగా అతని మెదడులో రక్తము కారుచుండెను. ఆ పిల్లవానికి కాళ్లు చేతులు పడిపోయెను. తరువాత న్యాయ పరిష్కారములో అతని జీవితకాలమునకు సుమారు 7 కోట్ల 10 లక్షల డాలర్ల మొత్తము ఒప్పుకొనిరి. ఒక్క మాట! అక్కడ ఎవరికిని దుర్బుద్ధి లేదు. రెండు భాషలలో పోలికగల మాట దొరకగానే, తెలిసినదనుకొని ముందుకు సాగిరి.

అందుచేత ద్విభాషులకు నియమములు ఏర్పడినవి. చెప్పినదంతయు చెప్పవలెను, ఏమియు కలుపరాదు, ఏమియు విడువరాదు. తెలియని మాట వచ్చినప్పుడు ఊహించక ఆపి అడుగవలెను. విన్నది గది దాటి పోరాదు. డాక్టరు రోగి ముఖము చూచి మాటలాడునట్లు ద్విభాషి రోగి ప్రక్కన కొంచెము వెనుకగా కూర్చుండవలెను. అన్నిటికంటె మనకు కష్టమైన నియమము, రోగి మాటను "నాకు" అనియే చెప్పుట. మన తెలుగులో ఒకని మాట మరియొకడు చెప్పునప్పుడు "అట" తప్పక వచ్చును: కడుపులో నొప్పట, రెండు దినములనుండి తినలేదట. "అట" అనగానే వినువానికి కొంచెము అనుమానము పుట్టును; చెప్పువాడు తన చేయి కడుగుకొన్నట్లగును. ద్విభాషి ఆ "అట"ను మ్రింగివేయవలెను. "నా కడుపులో నొప్పిగా నున్నది" అని ఆమె నోరై చెప్పవలెను.

ఈ వృత్తి మనవారికి క్రొత్తది కాదు. దొరల కాలములో మద్రాసున దుబాసీ యనినచో రెండు వైపుల సొమ్ము తినువాడని అపకీర్తి యుండెడిది. అయినను నమ్మకముగా పని చేసినవారును కలరు. ఒంగోలు సీమవాడైన వెన్నెలకంటి సుబ్బారావుగారు 1815 మొదలు 1829 వరకు మద్రాసు సదరు కోర్టులో అనువాదకుడుగాను ద్విభాషిగాను ఉండిరి. ఆయన ఇంగ్లీషులో వ్రాసికొన్న జీవితచరిత్ర 1873లో అచ్చయ్యెను.

కుటుంబములో ద్విభాషిగా నుండు భారము సామాన్యముగా ఎవరిమీద పడును? పిల్లలమీద. బడికి పోవు పిల్లవానికి ఇంగ్లీషు త్వరగా వచ్చును. పదేండ్ల కూతురు తల్లితో ఆస్పత్రికి పోయి, తల్లి గర్భకోశపు జబ్బును గూర్చి డాక్టరు చెప్పినది తన నోట తల్లికి చెప్పవలసి వచ్చును. ఆ తల్లి కూతురి యెదుట సిగ్గుపడి సగము దాచును. ఆ కూతురు భయపడి మిగిలిన సగము దాచును. అద్దె కట్టలేదని ఇంటి యజమాని పంపిన నోటీసు తండ్రికి చదివి వినిపించినవాడు ఆ రాత్రి నిద్రపోవునా? తండ్రి పిల్లవాని ముఖము చూచి బ్రతుకవలసిన స్థితి యింటి గౌరవమును మెల్లగా తినివేయును. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య చట్టము క్రింద 2016లో చేసిన నిబంధన, అత్యవసరమందు తప్ప మైనరు పిల్లలను ద్విభాషులుగా వాడరాదని ఆస్పత్రులకు చెప్పెను. మంచి నిబంధన. తరగతి నడుపు సంఘమువారు ఇంటికి వచ్చి, "ఈ చీటీ నీవు చదువవద్దు నాయనా, పోయి ఆడుకొమ్ము, మేము చూతుము" అని ఆ పిల్లవానితో అనుటకంటె గొప్ప బహుమానము క్రిస్మసున ఇయ్యలేరు.

చట్టములు ఒకేరీతిగా నుండవు. ఫెడరల్ ధనము పొందు చోట్ల జాతీయ మూలమునుబట్టి భేదము చూపరాదని 1964 పౌరహక్కుల చట్టము చెప్పెను. భాష రానివారికి సహాయము చేయుట దానిలోని భాగమని కోర్టులును ప్రభుత్వములును వివరించుచు వచ్చినవి. ఆ విషయమై ప్రభుత్వ శాఖలకు 2000 సంవత్సరములో ఇచ్చిన అధ్యక్షుని ఉత్తర్వును 2025 మార్చిలో రద్దుచేసి, ఇంగ్లీషును అధికార భాషగా ప్రకటించిరి. 1964 చట్టము మాత్రము రద్దు కాలేదు. 2025 జనవరి ఉత్తర్వుతో కాందిశీకుల రాకయు చాల మట్టుకు నిలిచిపోయెను. రాజులు మారుదురు, శాసనములు మారును. ముందే వచ్చి చేరినవారు అక్కడనే యున్నారు. వారికి మంగళవారపు తరగతి కావలెను.

ఇక్కడ ఒక ప్రశ్న మన సంఘములలో తప్పక లేచును. "ఇంగ్లీషు నేర్పుచు వాక్యము చెప్పవచ్చును గదా? వచ్చినవారు బౌద్ధులైన, ముస్లిములైన, మంచి అవకాశము గదా?" నా అభిప్రాయము దాచను. భాష రానివాడు బోనులో నున్న పిట్టవంటివాడు. తలుపు తీయువాడు ఏమి చెప్పినను తల ఊపును. అట్టి తల ఊపును విశ్వాసమని లెక్క వ్రాసికొనుట దేవుని పేర మోసము. లేవీయకాండము 19వ అధ్యాయము 34వ వచనములో పరదేశిని ప్రేమించుటకు చెప్పిన కారణము అతడు మనవాడగుననుట కాదు. మీరును ఐగుప్తులో పరదేశులై యుంటిరనుట. తరగతి తరగతిగా నుండనీయుడి. ఆరాధన వేళ గోడమీద వ్రాసియుండనీయుడి. అడిగినవానికి నిరీక్షణను గూర్చి చెప్పుటకు మనకు నోరున్నది.

ఇంగ్లీషు నేర్పుట మంచిదే గాని, అది తల్లి భాషను చంపకూడదు. యోసేపు కథకు మరల పోదము. 45వ అధ్యాయములో తన్ను తెలియజేసికొను వేళ ఆయన అందరిని వెలుపలికి పంపివేసెను. అందరనగా ద్విభాషియు పోయియుండవలెను. అప్పుడు, మీతో మాటలాడుచున్నది నా నోరే యని మీ కన్నులే చూచుచున్నవి అను భావముతో అన్నలకు చెప్పెను. ఇరువది యేండ్లకు పైగా పలుకని ఇంటి భాష ఆయన నోట పలికినదని వ్యాఖ్యాతలలో అనేకుల తలంపు. ఐగుప్తు భాష ఆయనకు పదవి నిచ్చెను. ఆ భాషలో ఆయన ఏడ్వలేదు. సెయింట్ పాల్ పట్టణములో కారెనులు ఇంగ్లీషు తరగతికి పోవుచునే ఆదివారమున తమ భాషలో పాడుకొనుటకు ఇదియే కారణము. పౌలు మెట్లమీద పైయధికారితో గ్రీకులో మాటలాడి సెలవు పొందెను. జనులవైపు తిరిగి హెబ్రీ భాషలో మాటలాడగా వారు నిశ్శబ్దమైరి. ఒకే నోటికి రెండు భాషలు కావలసివచ్చెను. నెహెమ్యా దినములలో చెరనుండి వచ్చినవారికి ధర్మశాస్త్రము చదివినప్పుడు, జనులలో నిలిచి అర్థము చెప్పిన పదముగ్గురి పేర్లు 8వ అధ్యాయములో వరుసగా వ్రాయబడియున్నవి. యోసేపు ద్విభాషికి దొరకని గౌరవము వీరికి దొరకెను. అర్థము తెలియగానే జనులు ఏడ్చిరి.

మనకును ఈ పనికిని ఏమి సంబంధము అందురేమో. మొదట మన ఇంటి సంగతి. కూతురి పురుటికి, మనుమని చూచుటకు అమెరికా పోవు తల్లులు మన పల్లెలలోను ఉన్నారు. అల్లుడు పనిలో నుండగా వారికి గుండె నొప్పి వచ్చినచో ఏమి చేయుదురు? అక్కడి పెద్ద ఆస్పత్రులలో టెలిఫోను మీద ద్విభాషిని పిలుచు ఏర్పాటు కలదు, తెలుగునకును కలదు, రోగి దానికి డబ్బు చెల్లింపనక్కరలేదు. "తెలుగు ఇంటర్‌ప్రిటర్ ప్లీజ్" అను మూడు మాటలను పోవుటకు ముందే కంఠతా పట్టించుడి. తినుచున్న మందుల పేర్లు ఇంగ్లీషులో ఒక కాగితముమీద వ్రాయించి చీర కొంగున కట్టించుడి. అక్కడనే స్థిరపడిన పెద్దలకు మరియొక సంగతి. పౌరసత్వపు పరీక్షలో ఇంగ్లీషు చదివి వ్రాసి చూపవలెను గాని, పచ్చకార్డుతో 20 ఏండ్లున్న 50 ఏండ్లవారికిని, 15 ఏండ్లున్న 55 ఏండ్లవారికిని ఇంగ్లీషు పరీక్ష లేదు; దేశ చరిత్ర ప్రశ్నలకు ద్విభాషి ద్వారా తమ భాషలో జవాబు చెప్పవచ్చును. ఇది తెలియక భయపడి ఊరకున్నవారికి తెలుపుడి.

బర్మానుండి 1942లో కాలినడకను, 1960ల దశకములో ఓడలమీదను తిరిగి వచ్చిన మన తెలుగువారు విశాఖపట్నము మొదలగు చోట్ల స్థిరపడిరి. తెలుగు ఇంటిలో పుట్టియు బర్మా బడిలో చదివిన పిల్లలు సొంత రాష్ట్రములో అ ఆ లు దిద్దవలసివచ్చెను. కనుక కాందిశీకుడనగా పొరుగు ఖండపు మనిషియే యనుకొనవద్దు.

ఇప్పుడు మన పొలిమేరకు వత్తము. 2005లో ఛత్తీసుగఢ్ బస్తరు సీమలో సల్వా జుడుం పేర అలజడి మొదలైన పిమ్మట, ఇటు మావోయిస్టులకును అటు దానికిని నడుమ నలిగిన ఆదివాసి కుటుంబములు వేలకొలది గోదావరి అడవులకు తరలివచ్చినవి. మనవారు వారిని గుత్తికోయలందురు. సుప్రీంకోర్టు 2011లో సల్వా జుడుం చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను గాని, వచ్చినవారిలో అనేకులు ఇక్కడనే యుండిరి. వారి పెద్దలకు తెలుగు రాదు, హిందీయు అంతంతమాత్రమే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో నర్సమ్మ "ఎన్నో నెల?" అని అడుగును, గర్భిణి నేలచూపు చూచును. అక్కడ కోయయు తెలుగును వచ్చిన ఒక సహోదరి ప్రక్కన నిలిచినయెడల మంత్రమువలె పని జరుగును. ఇటుక బట్టీలలో ఒడిశా బలాంగీరు జిల్లానుండి వచ్చిన కూలీల మాటయు అంతే. చీటీలో ఎన్ని ఇటుకలు వ్రాసిరో, బయానాలో ఎంత పట్టుకొనిరో చదువలేరు. ఇంగ్లీషు తరగతి వారికి అక్కరలేదు. తెలుగు అంకెలు, తెలుగు నూరు మాటలు కావలెను. వారి బిడ్డలకు ఒడియా పుస్తకములే కావలెను, వర్షాకాలమున తిరిగి తమ ఊరి బడికి పోదురు గనుక.

యౌవనుల కూడికలో ఈ పాఠము తీసికొనువారు మొదట ఆదికాండము 42వ అధ్యాయమును ముగ్గురు మూడు పాత్రలుగా చదువుడి: యోసేపు, అన్నలు, ద్విభాషి. ద్విభాషికి మాటలు లేఖనములో లేవు. ఆ పాత్రవాడు ప్రతి మాటను మెల్లగా తిరిగి చెప్పవలెను. పిమ్మట మీ ఊరిలో తెలుగు ఇంటి భాష కాని కుటుంబములెన్ని, ఏ భాషలు, వారిలో ఎవరికి రెండు భాషలు వచ్చునో ఒక కాగితముమీద వ్రాయుడి. తరువాత ముగ్గురు లేచి నిలువుడి. ఒకరు రోగియై తన బాధను ద్విభాషి చెవిలో అయిదు వాక్యములుగా చెప్పవలెను. ద్విభాషి దానిని "నాకు" అని గట్టిగా డాక్టరుకు చెప్పవలెను. రోగి చెప్పిన అయిదింటిలో ఎన్ని చేరెనో, చెప్పనివి ఎన్ని కలిసెనో, "అట" ఎన్నిసార్లు దొర్లెనో మిగిలినవారు లెక్కింపవలెను. పిమ్మట పాత్రలు మార్చి, పెద్దలలో ఒకరిని ద్విభాషిగా నిలువబెట్టి చూడుడి.